ఎవరి విమానం

పొద్దున్నే ఇంట్లో యుద్ధం మొదలైంది. తండ్రీకొడుకుల యుద్ధం. మామగారు పేపరు మడిచి బల్ల మీద కొట్టారు.

“పక్కింటివాడు పెళ్ళాం పిల్లల్ని చావగొడుతుంటే తలుపేసుకుని కూర్చుంటావురా?”

“తలుపు తియ్యి నాన్నా, నేను వద్దన్నానా? నువ్వు ఏకంగా ఆ ఇంటికే నిప్పు పెడదామంటున్నావు,” అన్నాడు కొడుకు, బస్సు డ్రైవరు యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ.

ఆ పక్కిల్లు సముద్రానికి అవతలున్న ఒక దేశం. అక్కడ రెండేళ్ళుగా అంతర్యుద్ధం నడుస్తోంది. అధ్యక్షుడి సైన్యం ఒకవైపు, తిరుగుబాటుదారులు ఇంకోవైపు. అధ్యక్షుడి విమానాలు సొంత ఊళ్ళ మీదే బాంబులు వేస్తున్నాయి. వాటిని ఆపాలని కొన్ని దేశాలు కలిసి తమ విమానాల్ని పంపాయి. అవీ బాంబులే వేస్తున్నాయి. ఆ దేశాలతో పాటు మన విమానాలు కూడా వెళ్ళాలా వద్దా అని పది రోజులుగా ఎక్కడ చూసినా ఒకటే చర్చ. మంగలిషాపులో అదే, బస్సులో అదే. ఆ సాయంత్రమే చట్టసభలో ఓటింగు.

“ఆ దేశం ఎక్కడుందో ఇద్దరూ పటంలో వేలు పెట్టి చూపించండి, అప్పుడు పోస్తాను టీ,” అంది అత్తగారు.

కోడలు నవ్వుకుంటూ చెప్పులు వేసుకుంది.

ఆమె ఒక న్యూస్ చానెల్లో వీడియో ఎడిటరు. ఆఫీసులో ఆమె అసలు పేరు ఎవరూ వాడరు. అందరికీ ఆమె ‘కత్తెర’. గంట ఫుటేజీ ఇస్తే నిమిషం చేసి ఇస్తుందని, అందులో ఒక్క ముక్క కూడా ఎక్కువ ఉండదని, ఎవరో పాతికేళ్ళ కుర్రాడు పెట్టిన పేరు. ఆమెకది ఇష్టమే.

ఆ రోజు మధ్యాహ్నం చానెల్లో ప్రత్యేక చర్చ. “విమానాలు వెళ్ళాలా? వద్దా?” అని ప్రోమోలు హోరెత్తిపోతున్నాయి. ప్రొడ్యూసరు, అందరూ ‘గడియారం’ అని పిలిచే మనిషి, ఎడిట్ గదిలోకి తల పెట్టాడు. ఆయన నోట టైము ఎంతయింది అన్న మాట తప్ప ఇంకో మాట తక్కువ.

“కత్తెరా, వెనక గోడ మీద ఆడించడానికి మంచి విజువల్ కావాలి. పొగ, మంటలు, ఏదో ఒకటి. గంటసేపు తిరుగుతూ ఉండాలి. టైము లేదు.”

వార్తా ఏజెన్సీ నుంచి పొద్దున వచ్చిన క్లిప్పులు చూస్తూ పోయింది. ఒకటి నచ్చింది. ఎవరో ఒక మేడ మీద నిలబడి ఎదురు వీధిని తీశారు. నాలుగు నిమిషాల పైచిలుకు ఉంది. మొదట్లో చాలాసేపు ఏమీ జరగదు, ఖాళీ వీధి, ఎండ. మొదలంతా గబగబా ముందుకు తోసేసింది. ఉన్నట్టుండి ఎదురుగా ఉన్న నాలుగంతస్తుల భవనం మధ్యలోంచి విచ్చుకుని కూలిపోతుంది. లేచిన దుమ్ము మీద ఎండ పడి బంగారు రంగు తిరుగుతుంది. ఆ తర్వాత కెమెరా అదిరిపోయి బొమ్మ పనికిరాకుండా పోతుంది. ‘బాగా వచ్చింది’ అనుకుంది కత్తెర. కూలడానికి కొంచెం ముందు మొదలుపెట్టి, కెమెరా అదరక ముందే కోసి, తల తోకకి అతికించింది. అలా అతికిస్తే బొమ్మ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. పైన మాటలు నడుస్తాయి కాబట్టి శబ్దం తీసేసింది.

క్లిప్పుతో పాటు ఏజెన్సీ వాళ్ళు రాసిన వాక్యం ఒకటి వచ్చింది: తూర్పు పట్టణంలో వైమానిక దాడి, చేసినదెవరో నిర్ధారణ కాలేదు.

“చివరి ముక్క తెర మీద వెయ్యాలా?” అని అడిగింది.

“తూర్పు పట్టణం అంటే చాలు. మిగతాది వాళ్ళే కొట్టుకుంటారు,” అన్నాడు గడియారం.

చర్చకి నలుగురు. ఒకరు యాంకరు. రిటైరైన కమాండరు ఒకాయన, విమానాలు వెళ్ళాలంటాడు. యూనివర్సిటీ ప్రొఫెసరమ్మ, వద్దంటుంది. నాలుగో మనిషి ఆ దేశంవాడే. ఇక్కడికి వచ్చి అయిదేళ్ళయింది, బస్టాండు దగ్గర మందుల షాపులో ఫార్మసిస్టు. విమానాలు పంపమని సంతకాలు సేకరించిన వాళ్ళలో ఒకడు. అందుకే పిలిచారు.

మంచినీళ్ళ యంత్రం దగ్గర కత్తెరకి అతను ఎదురయ్యాడు. మొహానికి రాసిన పౌడరు చొక్కా కాలరుకి అంటకుండా మెడ నిటారుగా పెట్టుకుని నిలబడ్డాడు. గ్లాసు ఎక్కడుందో తెలియక చుట్టూ చూస్తున్నాడు. ఆమే తీసి ఇచ్చింది.

“టీవీలో మాట్లాడటం ఇదే మొదటిసారి మేడం. తడబడితే నవ్వుతారా?”

“ఇక్కడికి వచ్చేవాళ్ళంతా తడబడతారు సార్. తడబడని వాళ్ళనే నమ్మకూడదు.”

అతను నవ్వాడు. వాళ్ళ భాష యాస ఉన్నా ఇక్కడి భాష చక్కగా వచ్చు. “మా అక్క వాళ్ళు అక్కడే ఉన్నారు. అక్క, బావ, నా మేనకోడలు. ఫోన్లు పోయి వారం పైనే అయింది. ఆ అధ్యక్షుడి విమానాల్ని ఎవరో ఒకరు ఆపాలి మేడం. నేను సరిగ్గా చెబితే సభలో ఒక్కడైనా వింటాడేమోనని వచ్చాను.”

“మెల్లిగా చెప్పండి. కెమెరాని కాదు, యాంకర్ని చూసి చెప్పండి,” అంది. తర్వాత తన సీటుకి, స్టూడియో పైనున్న కంట్రోలు గదికి వెళ్ళిపోయింది.

చర్చ మొదలైంది. కమాండరు మొదలుపెట్టగానే ప్రొఫెసరమ్మ అడ్డుపడింది. ప్రొఫెసరమ్మ మొదలుపెట్టగానే కమాండరు నవ్వాడు. వెనక పెద్ద గోడ మీద భవనం కూలుతోంది, లేచి నిలబడుతోంది, మళ్ళీ కూలుతోంది. ఎవరూ అటు చూడటం లేదు. అతిథులు గోడకి వీపు పెట్టి కూర్చుంటారు మరి.

ఫార్మసిస్టు వంతు వచ్చింది. కత్తెర చెప్పినట్టే మెల్లిగా మొదలుపెట్టాడు. తమ ఊళ్ళో రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడిన జనం మీద బాంబు పడటం గురించి చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ ఒక్కసారి చూపు కింద ఉన్న మానిటరు మీద పడింది. ప్రేక్షకులకి కనిపించే బొమ్మ అందులో కనిపిస్తుంది. మాట ఆగిపోయింది.

“చెప్పండి,” అన్నాడు యాంకరు.

మానిటరులో దుమ్ము లేచింది. భవనం మళ్ళీ నిలబడింది.

“చెప్పండి సార్, రొట్టెల దుకాణం దగ్గర…”

“అది మా అక్క ఇల్లు,” అన్నాడు.

గొంతు ఏమీ పెరగలేదు. ఎవరో దారి అడిగితే చెప్పినట్టు చెప్పాడు. యాంకరుకి అర్థం కాలేదు.

“నాలుగో అంతస్తు. ఆకుపచ్చ పరదా ఉంది కదా, ఎండ పడకుండా మా బావ కట్టాడు. అదిగో.” వేలు ఎత్తాడు. ఆ వేలు ఎత్తి ఉండగానే పరదా వంగి, దుమ్ములోకి పోయింది. వేలు అలాగే ఉంది. పరదా మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది.

కంట్రోలు గదిలో అందరూ బొమ్మల్లా అయిపోయారు. గడియారం ముందు తేరుకున్నాడు. కెమెరా వాళ్ళకి వినిపించే మైకులో గబగబా అన్నాడు: “మొహం, మొహం దగ్గరికి వెళ్ళు. గోడ మీద విజువల్ ఆపొద్దు.”

కింద కమాండరు ముందుకి వంగాడు. “చూశారా? నేను మొదట్నించీ చెబుతున్నదిదే. అధ్యక్షుడి విమానాలు ఎంత ఘోరం చేస్తున్నాయో మన కళ్ళ ముందే ఉంది. ఇంకా ఓటు వెయ్యాలా వద్దా అని ఆలోచిస్తున్నారు వీళ్ళు.”

“అధ్యక్షుడి విమానమని మీకెవరు చెప్పారు?” అంది ప్రొఫెసరమ్మ. “తూర్పు పట్టణం మీద ఈ వారమంతా దాడులు చేస్తున్నది మనం చేరబోయే ఆ దేశాలే. మన విమానాలు వెళ్తే రేపు ఇదే పని మనం చేస్తాం. ఆయన మొహం చూసి చెప్పండి, వెళ్ళాలని.”

“మీరు ఆయన బాధని వాడుకుంటున్నారు.”

“మీరు కాదా?”

ఫార్మసిస్టు ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశాడు. “కాసేపు ఆగుతారా ఇద్దరూ?” అన్నాడు, మర్యాదగానే. వాళ్ళు ఆగలేదు.

కత్తెర చెయ్యి దానంతట అదే కదిలింది. గోడ మీది బొమ్మ పోయింది. వట్టి నీలం రంగు మిగిలింది.

“విజువల్ ఏది?” అన్నాడు గడియారం.

“తీసేశాను.”

“ఎవరు తియ్యమన్నారు?”

ఆమె చెవుల మీంచి హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. గడియారం ఏదో అనబోయి, ఆమె మొహం చూసి, “బ్రేక్ వెయ్యండి,” అన్నాడు పక్కవాడితో.

మెట్లు దిగుతుంటే ఫోను మోగింది. అత్తగారు. ఇంట్లో టీవీ చూస్తున్నట్టున్నారు.

“అమ్మాయీ, ఏమిటే అది? ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు, ఆ ఇద్దరూ ఏమిటే అలా…”

“ఇప్పుడు మాట్లాడలేనత్తయ్యా.”

“మాట్లాడకు. ఆ మనిషిని మాత్రం ఒక్కణ్ణి వదిలేసి రాకు. చెప్పానంతే.”

స్టూడియోలో కమాండరూ ప్రొఫెసరమ్మా లేచి చెరో మూలకి వెళ్ళి ఫోన్లు చూసుకుంటున్నారు. ఫార్మసిస్టు కుర్చీలోనే ఉన్నాడు, కాలరుకి మైకు అలాగే ఉంది. కత్తెర వంగి దాన్ని తీసింది.

“మేడం, ఆ వీడియో అంతేనా? దానికి ముందు గానీ తర్వాత గానీ ఏమన్నా ఉందా?”

“ఉంది. నేనే కోశాను.”

“చూపిస్తారా?”

“చూడకపోతేనే మంచిదేమో సార్.”

“మీరు చూశారా మొత్తం?”

చూశానని చెప్పబోయింది. ముందుదంతా గబగబా తోసేసింది. వెనకది పనికిరాదని వదిలేసింది.

“రండి,” అంది.

ఎడిట్ గదిలో తలుపు వేసింది. అతనికి తన కుర్చీ ఇచ్చి తను స్టూలు లాక్కుంది. క్లిప్పు మొదటి నుంచి పెట్టింది. శబ్దం కూడా పెట్టింది. అందులో శబ్దం ఉందని ఆమెకే గుర్తు లేదు.

ఖాళీ వీధి. ఎండ. ఎక్కడో కుక్క మొరుగుతోంది. కెమెరా పక్కన ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకుంటున్నారు, అతని భాషలో. ఆమెకి అది గలగలమని వినిపించింది, అంతే. అతను మాత్రం కుర్చీలో ముందుకి జరిగాడు.

“ఏమంటున్నారు?” అంది, అడగొచ్చో లేదో తెలియక.

అతను తెర మీంచి కళ్ళు తిప్పకుండా చెప్పాడు. “సైరన్ మోగిందట. ‘ఆ మేడలో వాళ్ళంతా దిగిపోయారా?’ అంటున్నాడు ఒకతను. రెండోవాడు దిగారంటున్నాడు. నేలమాళిగలోకి వెళ్ళారంట, వీధి చివర.”

కత్తెర అతని వైపు తిరిగింది. “దిగారా? అయితే…”

అతను చెయ్యి ఎత్తి ఆపాడు. వింటున్నాడు. గొంతులు తగ్గాయి, మళ్ళీ వచ్చాయి.

“‘నాలుగో అంతస్తు ముసలామె తప్ప’ అన్నాడు.”

తెర మీద వీధి అలాగే ఉంది. ఆకుపచ్చ పరదా గాలికి కొంచెం ఊగింది.

“ఎవరా ముసలామె?”

“మా అక్క అత్తగారు. పక్షవాతం. మంచం మీదే ఉంటుంది.”

గొంతులు మళ్ళీ వినిపించాయి. ఒకతను గట్టిగా ఎవరినో పిలిచాడు, పైకి చూసి పిలిచినట్టు. జవాబుగా దూరం నుంచి ఒక ఆడగొంతు. చిన్నగా, నాలుగే మాటలు. ఫార్మసిస్టు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

అతనే చెప్పాడు, చేతుల చాటునుంచి.

“మా అక్క. ‘అత్తయ్యని వదిలి ఎలా రాను?’ అంటోంది.”

విమానం మోత మొదలైంది. ముందు ఈగ ముసురుతున్నట్టు, తర్వాత పెద్దగా. కెమెరా ఒకసారి ఆకాశంలోకి లేచింది. అక్కడ ఏమీ లేదు, తెల్లటి ఎండ తప్ప. మగవాళ్ళు ఒకరినొకరు ఏదో అడిగారు.

“‘ఎవరిది?’ అంటున్నాడు. ‘కనపడటం లేదు, బాగా పైనుంది’ అంటున్నాడు రెండోవాడు.”

కత్తెర ఆపే మీట మీద వేలు పెట్టింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆ మధ్యాహ్నమంతా నోరు లేకుండా కూలిన భవనం ఈసారి శబ్దంతో కూలింది. గది అద్దం చిన్నగా అదిరింది. కెమెరా కింద పడి, పక్కకి ఒరిగి, గోడ అంచునీ ఎవరివో చెప్పులనీ చూపించింది. ఇది ఆమె పనికిరాదని వదిలేసిన భాగం. అందులో ఎవరో ఒకటే మాట పదే పదే అరిచారు. ఆ మాట ఏమిటని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. క్లిప్పు అయిపోయింది.

అతను ఏడవలేదు. కుర్చీలో వెనక్కి వాలి, “శబ్దం చాలా బాగా రికార్డయింది,” అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

తలుపు తట్టి యాంకరు లోపలికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బల్ల మీద చెయ్యి వేసి, ఎలా మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాడు.

“సార్, చాలా బాధగా ఉంది. మీకు ఓపిక లేకపోతే వద్దు. ఓటింగు ముందు ఇంకొక్కసారి కూర్చుంటారేమోనని… దేశమంతా మీ మాట కోసం చూస్తోంది. ఇంతవరకూ మీరు వెళ్ళాలన్నారు. ఇప్పుడు ఏమంటారు? వెళ్ళాలా, వద్దా?”

ఫార్మసిస్టు అతని వైపు చాలాసేపు చూశాడు, మందుచీటీ మీద అర్థంకాని రాత చూసినట్టు.

“మా అక్కని చంపినవాళ్ళని ఆపమనే నేను అడగాలి,” అన్నాడు. “కానీ వాళ్ళెవరో నాకు తెలియదు. మీకు తెలిస్తే చెప్పండి, వస్తాను.”

యాంకరు చెయ్యి బల్ల మీంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

వాళ్ళిద్దరూ బయటికి వెళ్ళాలంటే న్యూస్ గదిలోంచే దారి. అక్కడ గోడ నిండా మిగతా చానెళ్ళ టీవీలు. సగం వాటిలో అదే భవనం కూలుతోంది. తమ చానెల్లో కూడా. ఆమె తీసేసినా, సర్వర్లోంచి ఇంకెవరో తీసి, చుట్టూ ఎర్ర గీత గీసి, నాలుగో అంతస్తుకి బాణం గుర్తు పెట్టారు. కత్తెర అతని మోచెయ్యి పట్టుకుని, చిన్నపిల్లని రోడ్డు దాటించినట్టు ఆ గది దాటించింది. వాళ్ళు గుమ్మం దాటుతుండగా వెనక ఎవరో బిగ్గరగా చదివారు. సభలో తీర్మానం నెగ్గింది. విమానాలు వెళ్తాయి. అతను విన్నాడో లేదో తెలియలేదు. నడుస్తూనే ఉన్నాడు.

“మీ గదిలో ఎవరైనా ఉంటారా సార్?”

“ఎవరూ ఉండరు.”

“అయితే మా ఇంటికి రండి. మా అత్తగారు వదిలి రావద్దంది. రాకపోతే నన్ను తిడుతుంది.”

అతను కాదనలేదు. అవుననలేదు కూడా. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా ఫోనులో ఒకే నంబరు నొక్కుతూ వచ్చాడు.

ఇంట్లో టీవీ ఆపేసి ఉంది. మామగారు తలుపు తీశారు. పొద్దున బల్ల గుద్దిన మనిషి, అతన్ని చూడగానే గుమ్మంలో పక్కకి ఒదిగిపోయారు. ఆ ఇంట్లో ఒకే ఒక్క మంచి కుర్చీ మామగారిది. అందులో ఇంకొకరు కూర్చుంటే ఆయన ఊరుకోరు. దాని మీది పేపరు తీసి, “కూర్చో నాయనా,” అన్నారు. భర్త డ్యూటీ దిగి వచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అత్తగారు మంచినీళ్ళు తెచ్చింది. భోజనం పెట్టింది. అతను పళ్ళెం ముందు కూర్చుని రొట్టె ముక్క తుంచి, చేతిలోనే పట్టుకున్నాడు.

“మీ అక్కయ్య కిందికి దిగలేదా నాయనా?” అంది అత్తగారు మెల్లిగా.

“వాళ్ళ అత్తగారు లేవలేదమ్మా. ఆవిణ్ణి వదిలి రానంది.”

అత్తగారు కోడలి వైపు చూసింది. చూసి, వెంటనే తల తిప్పుకుని, నీళ్ళు నిండుగా ఉన్న గ్లాసునే మళ్ళీ నింపబోయింది.

అప్పుడు అతని ఫోను మోగింది. అందరూ ఉలిక్కిపడ్డారు. అతను రొట్టె ముక్క చేత్తోనే ఫోను ఎత్తాడు. అవతల మాటలు తెగి తెగి వస్తున్నాయి. అతను ఎక్కువ వింటున్నాడు, తక్కువ మాట్లాడుతున్నాడు. రెండుసార్లు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తర్వాత అటువైపు గొంతు ఏదో అడిగింది. మళ్ళీ అడిగింది. ఒక్క మాట చెప్పి పెట్టేశాడు.

“బావ,” అన్నాడు. “పక్క ఊరి నుంచి చేశాడు. డ్యూటీకి వెళ్ళి బతికాడు. నా మేనకోడలు అప్పుడు బడిలో ఉంది. ఇద్దరూ ఉన్నారు. అక్కనీ అత్తగారినీ నిన్న పొద్దున శిథిలాల్లోంచి తీశారట.”

అత్తగారు గ్లాసు అతని దగ్గరికి జరిపింది.

“అక్కడ కరెంటు లేదు, వార్తలు లేవు. వాళ్ళకేమీ తెలియదు. ‘నువ్వు టీవీలు ఉన్న చోట ఉన్నావు కదా, అది ఎవరి విమానమో అక్కడ ఏమన్నా చెప్పారా?’ అని నన్ను అడుగుతున్నాడు.”

“ఏం చెప్పావు?” అన్నారు మామగారు.

“తెలియదన్నాను.” రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టాడు. “పాపకి ఫోను ఇస్తానన్నాడు. నేనే పెట్టేశాను. దానితో ఏం మాట్లాడను?”

మామగారు లేచారు. దగ్గరికి వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేశారు.

“మళ్ళీ చెయ్యి నాయనా. ఏం మాట్లాడకపోయినా ఫరవాలేదు. మామయ్య గొంతు వింటుంది, చాలు. మేం లోపలుంటాం.”

అందరూ లోపలి గదిలోకి వెళ్ళారు. తలుపు దగ్గరగా వేసి, నలుగురూ మంచం అంచు మీద వరసగా కూర్చున్నారు. అవతలి గదిలో నంబరు నొక్కుతున్న చప్పుడు. కలవలేదు. మళ్ళీ నొక్కాడు. మూడోసారికో నాలుగోసారికో అవతల ఎవరో ఎత్తారు. అతను వాళ్ళ భాషలో, చాలా చిన్న పిల్లతో మాట్లాడేటప్పుడు ఎవరైనా తెచ్చుకునే గొంతుతో, మాట్లాడటం మొదలుపెట్టాడు.